పాలిమర్ క్లే నగలకి మొదట ఏం కొనాలి: 23 ముక్కల కిట్టు, మా ఇంటి దబ్బనం, నా రెండేళ్ళ అనుభవం

శ్రీకాకుళంలో ఉన్న మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసింది. అక్కా నేను కూడా నీలాగ పాలిమర్ క్లే దుద్దులు మొదలెడతాను, ఆన్‌లైన్‌లో ఒక కిట్టు చూశాను, 23 ముక్కలంట, 599 అంట, కార్ట్‌లో వేసీసాను, నొక్కీమంటావా అని అడిగింది. ఆగమ్మా నొక్కకు అన్నాను. సరిగ్గా అలాంటి కిట్టే రెండేళ్ళ కిందట నేను కొన్నాను. అందులో ఏటి పనికొచ్చింది, ఏటి రాలేదు అని దానికి ముప్పావుగంట చెప్పాను, అదే ఇక్కడ రాస్తున్నాను. నేను మొదలెట్టినప్పుడు మా విజయనగరంలో అడుగుదామంటే ఈ పని చేసేవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు, అందుకే కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఆ కిట్టు సంగతి. కంపెనీ పేరు రాయను, అచ్చం అలాంటి డబ్బాలే వేరే వేరే పేర్లతో చాలా కనిపిస్తున్నాయి. విప్పగానే చూడ్డానికి భలే ఉంది. చెక్క పిడులు, వాటి చివర తీగ చుట్టలు, ఒక స్పాంజి, రెండు కొసలకి చెక్క ముక్కలు కట్టిన సన్న తీగ, చెక్క బద్దలు ఆరేడు. నెల్లాళ్ళు వాటితో కుస్తీ పట్టాక తెలిసింది ఏటంటే అవి కుండలకీ టెర్రకోటకీ వాడే సామాన్లు. తీగ చుట్ట తడిమట్టిని చెక్కడానికి, స్పాంజి నీళ్ళు అద్దడానికి, ఆ పొడుగు తీగ పెద్ద మట్టిముద్దని కోయడానికి. పాలిమర్ క్లేకి నీళ్ళతో పనే లేదు. పేరులో క్లే అని ఉంది గానీ అది మట్టి కాదు, పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగు, అంతే. ఎండబెడితే ఆరదు, వేడి తగిలితేనే లోపలి పొడి ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడుతుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ కిట్టు కొనేదాన్నే కాదు.

23లో నేను ఇప్పటికీ వాడేవి నాలుగు. గుండ్రటి మొన ఉన్న డాటింగ్ టూల్స్ రెండు, చిన్న కత్తి, ఒక సూది టూల్. ఆ సూది టూల్ కూడా పిడి ఊడిపోతే ఫెవిక్విక్ పెట్టి అతికించాను. రోలర్ అయితే బోలు ప్లాస్టిక్ గొట్టం, మధ్యలో కొంచెం వంకర, దాంతో ఒత్తితే షీటు ఒక పక్క మందం ఒక పక్క పల్చన, అలాంటి షీటుతో దుద్దులు కోస్తే ఒకటి బరువు ఒకటి తేలిక. అయిదుకి రెండు మార్కులు ఇస్తాను, అవి కూడా డాటింగ్ టూల్స్ కోసమే.

అసలు బాధ వేరే. ఏ కిట్టులోనూ పెట్టని సామాను ఒకటుంది, అది లేకపోతే మిగతా అన్నీ ఉన్నా దండగే. ఓవెన్ థర్మామీటర్.

మొదటి ఏడాది పైడితల్లమ్మ పండక్కి మా చెల్లికి నెమలిపింఛం రంగులో బిళ్ళ దుద్దులు చేసిచ్చాను. నాలుగు రోజులు కూర్చుని చేశాను. తొలేళ్ళ రోజు పెట్టుకుంది, మర్నాడు సిరిమాను ఊరేగింపు చూడ్డానికి మా ఊళ్ళో మూడులాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడితే ఒక దుద్దు కొక్కెం దగ్గర విరిగి కింద పడిపోయింది. రెండోది ఇంటికొచ్చి తీస్తుంటే బిస్కెట్టులాగ చేతిలో తునిగిపోయింది. అక్కా విరిగిపోనాదే అని పాపం అదే బాధపడింది. నేను క్లే మంచిది కాదనుకుని ఇంకో కంపెనీది తెప్పించాను, అదీ విరిగింది. ఆఖరికి థర్మామీటర్ కొని ఓవెన్లో పెట్టి చూస్తే డయల్ మీద 130 తిప్పినా లోపల 105 దాటట్లేదు. పైకి చూస్తే గట్టిపడినట్టే ఉంటుంది, గోటితో తడితే టక్ టక్ అంటుంది, కానీ లోపల పూర్తిగా అతుక్కోదు. బాగా కాలిన పల్చటి ముక్కని వంచితే కొంచెం వంగి మళ్ళీ నిటారుగా వచ్చీస్తుంది, సరిగ్గా కాలనిది పుటుక్కున విరుగుతుంది. ఇప్పుడు నేను ప్రతిసారీ ఒక చిన్న పల్చటి రిబ్బన్ ముక్క పక్కన పెట్టి కాలుస్తాను, చల్లారాక దాన్ని వంచి చూశాకే మిగతావి బయటకి తీస్తాను.

ఎంత వేడి అన్నది క్లేని బట్టి ఉంటుంది, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదవండి. జర్మనీ స్టెడ్లర్ వాళ్ళ ఫిమో సాఫ్ట్‌కి 110 డిగ్రీలు అరగంట. అమెరికా స్కల్పీ వాళ్ళ ప్రీమోకి 135, ఆరు మిల్లీమీటర్ల మందానికి అరగంట లెక్క. బెల్జియం సెర్నిట్‌కి 110 నుంచి 130 మధ్య. చూశారా, 135 కావలసినదాన్ని 110లో కాలిస్తే పచ్చిగా ఉండిపోతుంది. మరీ ఎక్కువైతే రంగు మాడుతుంది, ఇంకా పైకి పోయి నల్లబడితే పొగ వస్తుంది, పీవీసీ కాబట్టి ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, గొంతు మండుతుంది. అలాగయితే ఓవెన్ ఆపీసి కిటికీలు తీసి పిల్లల్ని బయటకి పంపించీయండి. మైక్రోవేవ్ మోడ్‌లో మాత్రం అస్సలు పెట్టకండి.

ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్లలో వేడెక్కే రాడ్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి పైన పెట్టినవి ముందు మాడతాయి. నేను ఒక టైల్ ముక్క మీద దుద్దులు పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ ట్రే బోర్లించి, థర్మామీటర్ పక్కనే పెడతాను, ముందు ఖాళీ ఓవెన్ పదిహేను నిమిషాలు వేడెక్కించి, ముల్లు నిలకడగా నిలబడ్డాకే లోపల పెడతాను. మధ్యలో కరెంటు పోయిందనుకోండి, మనకి అలవాటే కదా, కంగారు పడకండి, వచ్చాక మళ్ళీ మొదట్నుంచి టైము లెక్కపెట్టి కాల్చీయండి. ఎన్నిసార్లు కాల్చినా పాడవదు, వేడి మించకుండా ఉంటే చాలు.

సరే ఇంక చేతి సామాన్లు. థర్మామీటర్ తర్వాత నేను డబ్బు పెట్టమనేది బ్లేడు మీద. పొడుగ్గా పల్చగా ఉండే స్టీలు బ్లేడు, టిష్యూ బ్లేడు అంటారు, వంచితే వంగుతుంది. ముందు షేవింగ్ బ్లేడుతో లాగించాను గానీ అది పొట్టిది, పెద్ద షీటు ఒక్క కోతలో తెగదు, రెండుసార్లు కోస్తే అంచు మెట్టు పడుతుంది. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. పదునున్న వైపు ఏదో చూస్తే తెలీదు, రెండో వైపు రంగు టేపు అంటించీయండి, నేను అంటించకముందు బొటనవేలు కోసుకున్నాను.

రోలర్ గట్టి యాక్రిలిక్‌ది ఒకటి కొనుక్కోవచ్చు, లేకపోతే నున్నటి గాజు సీసా చాలు. చపాతీ కర్ర వద్దు, చెక్క గీతలు క్లే మీద పడతాయి, పైగా ఆ కర్ర మళ్ళీ వంటకి పనికిరాదు. మందం సమానంగా రావాలంటే షీటుకి రెండు పక్కలా పేకముక్కలు సమానంగా పేర్చి వాటి మీద రోలర్ నడిపించండి. దుద్దులకి నేను రెండున్నర మిల్లీమీటర్లు దాటనివ్వను, అంతకన్నా మందమైతే చెవి సాగుతుంది. క్లేని రెండు రోలర్ల మధ్య నుంచి షీటులాగ తీసే పాస్తా మెషీన్ గురించి అందరూ చెప్తారు, మంచిదే, నేను ఏడాది తర్వాత కొన్నాను, రంగులు కలపడానికి చెయ్యి నొప్పి తగ్గింది. కానీ మొదటి నెలలోనే కొనక్కర్లేదు, ముందు ఈ పని మీకు నచ్చుతుందో లేదో తెలియాలి కదా.

పని చేసుకునే పలక మాత్రం మన జిల్లాల్లో ఉన్నంత సుఖంగా ఎక్కడా దొరకదనిపిస్తుంది నాకు. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలు, శ్రీకాకుళం బ్లూ అని పేరే ఉంది కదా, పాలిష్ చేసిన ముక్కలు రాయి కోసే చోట అడిగితే ఇస్తారు. నాకైతే టైల్స్ షాపాయన విరిగిన గ్లేజ్డ్ టైల్ ఊరికే ఇచ్చాడు. ఆ టైల్ మీదే చేసి ఆ టైల్‌తోనే ఓవెన్లో పెట్టీయొచ్చు, దుద్దు ఎత్తి మార్చేటప్పుడు సాగిపోయే బాధ ఉండదు. పాలిష్ చేసిన చెక్క టేబుల్ మీద పచ్చి క్లే వదిలేయకండి, రాత్రంతా ఉంచితే మా టేబుల్ వార్నిష్ కరిగి జిగురై పోయింది. కొన్ని ప్లాస్టిక్ డబ్బాల్ని కూడా అలాగే తినేస్తుంది, డబ్బా అడుగున త్రికోణంలో 5 అని ఉంటే ఫర్వాలేదు.

డిజైన్లకి మాత్రం ఇల్లంతా వెతకండి. దబ్బనం, గుండుసూదులు, పెన్ను మూతలు, రీఫిల్ మొన, పాత గాజులు. మా అమ్మమ్మ గవ్వల పీట మీద సన్న క్లే ముక్క ఒత్తి చుట్టితే అచ్చం మైదా గవ్వలాగ చారలు పడ్డాయి, ఆ గవ్వ దుద్దులు నా దగ్గర అందరూ అడిగేవి. పీట ఇంక వంటింట్లోకి వెళ్ళలేదు, క్లే తగిలిన సామాను తిండికి వాడకూడదు, ఆ సంగతి ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పీయండి. జంతికల గొట్టంతో సన్న తీగలు తీద్దామని చూశాను, క్లే బాగా మెత్తగా ఉంటే వస్తుంది, లేకపోతే గొట్టం వంగిపోతుంది, వద్దు. బట్టల ముద్రలు కూడా వేసి చూశాను. పొందూరు ఖద్దరు నేత మరీ సన్నం, క్లే మీద ఏమీ తెలియట్లేదు, అదే గోనెసంచి ముక్కా, లేసూ పెడితే అద్భుతంగా పడుతుంది. అంటుకోకుండా ముందు కొంచెం కార్న్‌ఫ్లోర్ చల్లాలి.

కట్టర్లు కొంటే స్టీలువి సన్న అంచువి కొనండి, గుండ్రం ఒకటి, కన్నీటిబొట్టు ఆకారం ఒకటి, మొదట రెండు చాలు. ప్లాస్టిక్ కట్టర్ల అంచు మందం, కోసినచోట క్లే లాక్కుపోతుంది. క్లే మీద పల్చటి పాలిథిన్ కవరు పరిచి దాని మీద నుంచి కట్టర్ నొక్కితే అంచు గుండ్రంగా వస్తుంది, తర్వాత రుద్దే పని సగం తగ్గుతుంది.

రుద్దడానికి క్రాఫ్ట్ షాపు పేరుతో అమ్మే గరుకు కాగితాలు కొనకండి. కార్ల పెయింటింగ్ సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర వాటర్ పేపర్ ఉంటుంది, 400, 600, 1000 నంబర్లు ఒక్కొక్కటి తీసుకోండి, నీళ్ళల్లో ముంచి రుద్దండి, పొడిగా రుద్దితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. కన్నాలకి ఒక మిల్లీమీటర్ బిట్టు ఉన్న చేతి డ్రిల్లు, వేళ్ళతో తిప్పేది, కాలిన తర్వాత వేయాలి. పచ్చిగా ఉన్నప్పుడు దబ్బనంతో పొడిస్తే చుట్టూ ఉబ్బుతుంది. మెరుపు కోసం నెయిల్ పాలిష్ మాత్రం వేయొద్దు, కొన్నాళ్ళకి జిగటగా అయిపోతుంది. నీళ్ళతో కడిగే రకం యాక్రిలిక్ వార్నిష్ మంచిది.

బిళ్ళనీ కొక్కేన్నీ కలిపే చిన్న రింగులు వేయడానికి సన్న మూతి ఉన్న నోస్ ప్లయర్లు రెండుండాలి. రింగుని రెండు పక్కలకీ లాగి తెరవకూడదు, ఒక కొసని ముందుకి ఒక కొసని వెనక్కి తిప్పాలి, లాగితే మళ్ళీ గుండ్రంగా మూసుకోదు. కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి, కొంచెం ఖరీదైనా. మన చెమటకి పూత పూసినవి నెలలో నల్లబడతాయి, నికెల్ పడని చెవులకి దురద వస్తుంది. వెనక పుల్ల ఉన్న దుద్దులకి ఉత్త ఫెవిక్విక్ నమ్మకండి, పుల్ల బిళ్ళ మీద ఇంకో పల్చటి క్లే పొర కప్పి మళ్ళీ కాల్చండి, అది ఊడదు.

క్లే దగ్గరే కక్కుర్తి పడకండి అన్నది నా మాట. చిన్న దిమ్మ 57 గ్రాములే ఉంటుంది, ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది, కానీ ఒక దిమ్మలో మామూలు దుద్దులు అయిదారు జతలు వస్తాయి. తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం కొంటే మిగతా రంగులు మనమే కలుపుకోవచ్చు. ఊళ్ళో స్టేషనరీ షాపుల్లో అడిగితే నాకు గాలికి ఆరే క్లే, రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ క్లే చూపించారు, అవి వేరే, వాటితో ఈ పద్ధతులేవీ కుదరవు. ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి, మే నెలలో మాత్రం వద్దు. కొరియర్ వ్యాన్‌లో ఆ ఎండకి లోపలే సగం ఉడికినట్టు అయిపోతుంది, నాకు వచ్చిన నాలుగు దిమ్మల్లో రెండు పొడిపొడిగా రాలాయి. జనవరిలో కొని చల్లటి గదిలో స్టీలు డబ్బాలో దాచుకోండి. తెల్ల రంగుతో పని ముందు, నల్ల రంగు తర్వాత, మధ్యలో చేతులు తడి వైప్స్‌తో తుడుచుకోవాలి, నూలు చీర కట్టుకుని తెల్ల క్లే పిసికితే పీచంతా దానిలోకే వెళ్తుంది.

మా పిన్ని కూతురు ఆ కిట్టు కార్ట్‌లోంచి తీసేసింది. నా దగ్గరున్న పాత బ్లేడు ఒకటి, డాటింగ్ టూల్ ఒకటి, టైల్ ముక్క, తెలుపు నీలం సగం సగం దిమ్మలు పేపర్లో చుట్టి శ్రీకాకుళం బస్సెక్కుతున్న మా మావయ్య చేతికిచ్చి పంపించాను. థర్మామీటర్ అది కొనుక్కుంది, నిన్న ఫొటో పెట్టింది, వాళ్ళ ఓవెన్ 130 పెడితే 150 చూపిస్తోంది. అసలేటీ కాల్చకు, ఆదివారం నేనొస్తాను అని చెప్పాను.