‘మిగిలిన క్రెడిట్లు’ కాలమ్‌తో జాగ్రత్త: మూడేళ్ల వాడకం తర్వాత

కార్బన్ ఆఫ్‌సెట్ ప్రాజెక్టులను (ఉద్గారాలు తగ్గించి, ఆ తగ్గింపును క్రెడిట్లుగా అమ్మేవి) పక్కపక్కన పెట్టి చూపించే ఈ చందా ప్లాట్‌ఫాంలో మిగతావన్నీ ఒక ఎత్తు, ‘మిగిలిన క్రెడిట్లు’ అనే కాలమ్ ఒక ఎత్తు. కొనేవాళ్ల కళ్లు ముందు పడేది దాని మీదే, సరిచూసుకోకుండా వాడకూడనిదీ అదే.

ఒక బయోగ్యాస్ ప్రాజెక్టు పేజీలో ఒకే వింటేజ్‌కి (అంటే ఉద్గారాలు తగ్గిన కాలానికి) 2,65,000 క్రెడిట్లు మిగిలినట్టు చూపించింది. అదే ఐడీతో, క్రెడిట్లు జారీ చేసి వాటి లెక్క ఉంచే వెరా రిజిస్ట్రీలో చూస్తే నిజంగా మిగిలినవి 25,000 (అంకెలు గుండ్రం చేశాను). తప్పు ఎక్కడుందో రిజిస్ట్రీ ఎక్సెల్ దించుకుంటే గానీ తెలియదు. అందులో క్రెడిట్లు రిటైర్ చేసిన (అంటే వాడేసి చలామణీలోంచి తీసేసిన) ప్రతిసారీ సీరియల్ నంబర్ల కట్ట చీలి ఇంకో వరుస పుడుతుంది. ‘క్వాంటిటీ ఇష్యూడ్’ ఆ వరుస వాటా. దాని పక్కనుండే ‘టోటల్ వింటేజ్ క్వాంటిటీ’ మాత్రం వింటేజ్ మొత్తానిది (ఇంకా జారీ కానివీ కలిపి), ప్రతి వరుసలోనూ అదే అంకె మళ్లీ కనిపిస్తుంది. ఇక్కడున్నవి మూడు వరుసలు: 20,000, 15,000 రిటైరైనవి, 25,000 కానివి. ఆ రెండో కాలమ్‌లో మూడు చోట్లా 1,00,000. ప్లాట్‌ఫాం మూడు లక్షలూ కూడేసి, అందులోంచి 35,000 తీసేసి చూపించింది. అంటే ఎంత వాడేస్తే అన్ని వరుసలు, ఎన్ని వరుసలైతే అంత ‘మిగులు’. అక్షయపాత్రే!

ఫిర్యాదు చేశాక సరిచేశారు, ఆ మాట చెప్పాలి. అయినా కొనే ముందు అయిదు నిమిషాలు పెట్టండి. రిజిస్ట్రీ ఎక్సెల్‌లో రిటైర్‌మెంట్ తేదీ ఖాళీగా ఉన్న వరుసలు మాత్రమే ఫిల్టర్ చేసి, ‘క్వాంటిటీ ఇష్యూడ్’ కూడండి. రద్దు చేసిన క్రెడిట్ల తేదీ కూడా అదే గడిలో పడుతుంది కాబట్టి అవీ తప్పుకుంటాయి. అడవుల ప్రాజెక్టుల్లో వెరిఫికేషన్ రిపోర్టు అంకెకీ జారీ అయిన అంకెకీ తేడా కనిపిస్తే, అందులో బఫర్ పూల్‌కి (అడవి కాలిపోవడం లాంటి నష్టాల కోసం పక్కన పెట్టే నిల్వకి) వెళ్లిన వాటా ఉంటుంది. అది అమ్మకానికి రాదు.

వింటేజ్ సంవత్సరం గొడవ మాత్రం ఇంకా అలాగే ఉంది. సీరియల్ నంబరు చివర్లో 01072018-30062019 అని ఉంటే ప్లాట్‌ఫాం దాన్ని మొత్తంగా 2019 ఖాతాలో వేస్తుంది. సగం కాలం 2018ది.

డాక్యుమెంట్లలో వెతికే సౌకర్యం మాత్రం బంగారం. తక్కువ కట్టెలు కాల్చే వంట పొయ్యిల ప్రాజెక్టుల్ని పోల్చేటప్పుడు అసలు చూడాల్సింది ఎఫ్‌ఎన్‌ఆర్‌బి, అంటే కాల్చే కట్టెల్లో తిరిగి పెరగని వాటా. మిగతావన్నీ సమానమైతే, 0.45 వేసుకున్న ప్రాజెక్టు కంటే 0.90 వేసుకున్నదానికి క్రెడిట్లు దాదాపు రెట్టింపు. పోలిక తెరలో ఈ అంకె కనపడదు, వెతికితే మానిటరింగ్ రిపోర్టులోని పారామీటర్ల పట్టిక పేజీతో సహా దొరుకుతుంది. స్కాన్ చేసిన పాత పీడీఎఫ్‌లైతే దొరకదు, దొరకలేదని చెప్పదు కూడా. మరీ పాత ప్రాజెక్టుల్లో అలాంటివి తక్కువేం కాదు. మన ప్రాంతపు ప్రాజెక్టులకైతే ఇంకో తిప్పలు. 2014కి ముందు నమోదైన మహబూబ్‌నగర్ ప్రాజెక్టు ‘తెలంగాణ’ అని వెతికితే రాదు, ‘ఆంధ్రప్రదేశ్’ అని కొట్టాల్సిందే.

బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ల ఉచిత ఎక్సెల్ డేటాబేస్‌ని పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టాక చందా మీద మోజు కొంచెం తగ్గింది. వెరా, గోల్డ్ స్టాండర్డ్‌తో పాటు అమెరికాలోని రెండు రిజిస్ట్రీలనూ ఒకే వర్గీకరణలోకి తెచ్చి, జారీ, రిటైర్, మిగులు, బఫర్ విడివిడిగా ఇస్తారు. ఏ రోజుకారోజు మారేది కాదు, పైన తేదీ చూసుకోవాలి.

ఏడాదికి యాభై అరవై ప్రాజెక్టులు జల్లెడ పట్టే పని నాది, ఆ వెతుకులాట కోసమే చందా కొనసాగిస్తున్నాను. రెండు మూడు ప్రాజెక్టులు చూసుకునేవాళ్లకైతే రిజిస్ట్రీ, ఆ ఉచిత ఫైలు చాలు. ఈసారి రెన్యువల్‌కి ముందు వింటేజ్ సంగతి రాతపూర్వకంగా అడిగాను, జవాబు ఇంకా రాలేదు.