బిజినెస్ ఎకోసిస్టమ్‌ల ఆన్‌లైన్ కోర్సు: ఆ టైరు పాఠం కోసమైనా చూడొచ్చు

ఇంకో కంపెనీ ప్లాట్‌ఫాంకి తగిలించుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే ఉద్యోగం నాది. అక్కడ వాళ్లొక రూల్ మారిస్తే ఇక్కడ మాకు టెన్షన్ మొదలు. ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడిచే కంపెనీల గుంపునే బిజినెస్ ఎకోసిస్టమ్ అంటారు. అందుకే ఈ రికార్డెడ్ కోర్సు కొన్నాను.

మొదటి భాగం నీరసం. జేమ్స్ మూర్ 1993లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం, అందులో ఎకోసిస్టమ్‌కి చెప్పిన పుట్టుక, విస్తరణ, నాయకత్వం, పునరుద్ధరణ అనే దశలు, అన్నీ స్లైడ్ చూసి చదివేశారు. స్పీడు పెంచుకుని వినేయండి, పోయేదేమీ లేదు.

బిజినెస్ వ్యూహాల ప్రొఫెసర్ రాన్ ఆడ్నర్ దగ్గరికొచ్చేసరికి మాస్టారికి హుషారొచ్చింది. నలుగురు భాగస్వాములున్నారు, ఒక్కొక్కరు టైముకి పని ముగించే అవకాశం 90 శాతం. వినడానికి బాగానే ఉంది కదా? ఎవరి పని వాళ్లదే అనుకుని గుణిస్తే, నలుగురూ ముగించే అవకాశం 66 శాతానికి పడిపోతుంది. మీటింగులో ప్రతి టీమూ ‘మా వైపు అంతా ఓకే’ అన్నాక కూడా లాంచ్ ఎందుకు వాయిదా పడుతుందో నాకు అక్కడ అర్థమైంది.

ఆ వెంటనే మిషెలిన్ పాక్స్ టైరు కథ. చక్రం లోపల ఒక గట్టి రింగు ఉంటుంది. గాలి మొత్తం పోయినా దాని ఆసరాతో గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఇంకో 200 కిలోమీటర్లు వెళ్లొచ్చు. డ్రైవరుకి నచ్చింది, కార్ల కంపెనీలూ తీసుకున్నాయి. మరి రిపేరు? దానికి ప్రత్యేక యంత్రాలు కావాలి. రోడ్డు మీద అలాంటి కార్లే తక్కువైనప్పుడు గ్యారేజీవాడు వాటి మీద డబ్బు ఎందుకు పెడతాడు? 2007కల్లా మిషెలిన్ కొత్త పాక్స్ టైర్ల తయారీ ఆలోచన మానుకుంది. కొనేవాడికీ కంపెనీకీ మధ్య ఒక్కడు ‘నాకేంటి లాభం’ అన్నా సరుకు ఆగిపోతుందని ఇంత బాగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

నా ఫిర్యాదల్లా ఒకటే. కోర్సు మొత్తం పెద్ద కంపెనీ కుర్చీలో కూర్చుని చెప్పినట్టుంటుంది. ఇయాన్సిటీ, లెవీన్ అనే రచయితలు చెప్పిన ‘కీస్టోన్’ సంస్థ, అంటే అందరూ ఆధారపడే నడిమి కంపెనీ, మిగతావాళ్లను ఎలా బతికిస్తుందో పాఠాలకు పాఠాలు నడిచాయి. ఆ కీస్టోన్ సంస్థే మా ఫీచర్‌ని తన ప్లాట్‌ఫాంలో ఫ్రీగా ఇచ్చేస్తే మాలాంటి చిన్నవాళ్లం ఏం చేయాలి? దానికి ఒక్క స్లైడు, అదీ ‘వైవిధ్యం పెంచుకోండి’ అని. క్విజ్‌లు కూడా నిర్వచనాలు అప్పజెప్పించుకునే రకమే.

ప్రొడక్ట్ మేనేజర్లు కొనుక్కోవచ్చు. మాలాగా ప్లగిన్లు చేసేవాళ్లు మాత్రం డిస్కౌంట్ వచ్చేదాకా ఆగండి. మూడు స్టార్లు, అందులో రెండు టైరుకే.