సమర్‌కంద్‌లో మాకు చూపించని దిబ్బ

ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కంద్ వెళ్లే తెలుగువాళ్లకు ముందే చెబుతున్నాను: పాత ఊరి శిథిలాలున్న అఫ్రాసియాబ్ దిబ్బ దగ్గర కనీసం రెండు గంటలు ఆపుతామని మాట ఇవ్వని కారు ఎక్కకండి. మా దగ్గర డబ్బు తీసుకుని, కార్యక్రమం కాగితంలో ఆ పేరు రాసి, చివరికి తివాచీల దుకాణంలో కూర్చోబెట్టారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

వీసా ఆన్‌లైన్‌లో 20 డాలర్లకు వచ్చింది. దిల్లీ నుంచి విమానం, తాష్కెంట్‌లో బస, అక్కడి నుంచి రెండు గంటల పైచిలుకు రైలు ప్రయాణం, అన్నీ సాఫీగా గడిచాయి. రైలు పేరు కూడా అఫ్రాసియాబే. రైలుకు పెట్టుకున్నంత ఇష్టమైన పేరున్న చోటుకు యాత్రికుల్ని తీసుకెళ్లడానికి మాత్రం ఆ ఏజెంటుకు మనసు రాలేదు.

మేము నలుగురం: నేను, మా ఆవిడ, అక్క, బావగారు. కారుకు, గైడుకు కలిపి ఒక రోజుకు 120 డాలర్లు ముందే కట్టించుకున్నారు. రెగిస్తాన్ చౌకు, తైమూర్ సమాధి, బీబీ ఖానుమ్ మసీదు చకచకా తిప్పారు. అందంగా లేవని అనను. రెగిస్తాన్‌లో మా ఆవిడ పలకల నీలం చూస్తూ కదలనంది. కానీ బీబీ ఖానుమ్ దగ్గర ఆ గైడు, ఈ మసీదు హిందుస్థాన్ సంపదతో కట్టిందని మెచ్చుకోలుగా చెప్పినప్పుడు నాకు మండిపోయింది. ఆ సంపద 1398 డిసెంబరులో తైమూర్ దిల్లీని దోచి, జనాన్ని ఊచకోత కోసి తెచ్చింది. రాళ్లు చెక్కడానికి మన శిల్పుల్ని బందీలుగా పట్టుకొచ్చారు. వాళ్ల గురించి ఒక్క మాటైనా చెప్పవయ్యా అంటే, టైము లేదన్నాడు.

టైము ఎక్కడికి పోయిందో తరవాత తెలిసింది. గంటన్నర తివాచీల దుకాణంలో పోయింది. అక్కను మొహమాటపెట్టి 25 డాలర్ల పట్టు కండువా అంటగట్టారు. సాయంత్రం నాలుగున్నరకు అఫ్రాసియాబ్ ఎప్పుడని అడిగితే, ‘అక్కడ మట్టి తప్ప ఏముంది, కారులోంచి కనబడుతుంది’ అన్నాడు. చూపించని చోటుకు 30 డాలర్లు వెనక్కి ఇమ్మన్నాను. ఫోనులో ఏజెంటు గొంతు పెంచాడే తప్ప ఒక్క డాలరు ఇవ్వలేదు.

మర్నాడు మేమే ఫోనులో టాక్సీ పిలుచుకున్నాం. 18,000 సోమ్‌లు, అంటే మన డబ్బుల్లో 120 రూపాయలు. ఇంత తక్కువలో పోయే చోటు అది! బావగారు పొద్దున్నుంచీ ముభావంగా ఉన్నారు. ఆయన శాకాహారి, ఉదయం ఫలహారంలో ఆయన తినగలిగింది రొట్టె, టమాటా మాత్రమే. గోపురాలన్నీ ఒకేలా ఉన్నాయని ముందురోజే తేల్చేశారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి.

దిబ్బ ఎక్కగానే ఆ మనిషి మారిపోయారు. రెండు వందల హెక్టార్లకు పైగా ఎగుడుదిగుడు మట్టి, ఎండిన గడ్డి, అక్కడక్కడా తవ్వకాల గోతులు. ఇదే అసలు సమర్‌కంద్. వెయ్యేళ్లకు పైగా బతికిన ఊరు. 1220లో చెంగిజ్ ఖాన్ సేన వచ్చేదాకా జనం ఇక్కడే ఉన్నారు. తరవాత ఎవరూ ఇక్కడ మళ్లీ ఇల్లు కట్టుకోలేదు. ఎందుకు కట్టుకోలేదన్నదే బావగారిని పట్టుకున్న ప్రశ్న.

జవాబు నీళ్లలో ఉంది. ఈ మెరక మీదికి దక్షిణం వైపు నుంచి ఒక కాలువ వచ్చేది. కోట కందకం దాటే చోట దాన్ని ఎత్తుగా కట్టి, అడుగున సీసం పరిచారు. ఆ కాలువను కనిపెట్టుకుని ఉండే పని జొరాస్ట్రియన్లది, అంటే మన పార్సీల మతంవాళ్లది. ఆ సేవకు బదులుగా వాళ్లకు తలపన్ను మినహాయించారని పాత అరబ్బు భూగోళ రచయితలు రాశారు. ముట్టడిలో ఆ కాలువ పోయింది. బావగారు చేతికర్రతో నేల మీద గీసి చూపించారు: ‘ఇళ్లు కాలితే రెండేళ్లలో కట్టుకుంటారు. మెరక ఊరికి కాలువ తెగితే, దాన్ని నిలబెట్టే పనివాళ్లు ఉండాలి. ఆ పనివాళ్లనే ఎత్తుకుపోయాక ఎవరు కడతారు?’ ముప్పై వేల మంది చేతిపనివాళ్లను చెంగిజ్ తన కొడుకులకు, బంధువులకు పంచిపెట్టాడని పర్షియన్ చరిత్రకారుడు జువైనీ లెక్క. లెక్కలో అతిశయం ఉండవచ్చు, పంపకం మాత్రం నిజం. మిగిలినవాళ్లు నీళ్లున్న దక్షిణపు శివారుకు దిగిపోయారు. ఇప్పుడు మనం చూసే సమర్‌కంద్ అక్కడ పెరిగినదే.

రెండేళ్లు తిరక్కుండానే, 1221 చివర్లో, చెంగిజ్‌ను కలవడానికి పోతూ చీనా నుంచి ఒక తావో గురువు ఈ ఊరికి వచ్చాడు. లక్షకు పైగా కుటుంబాలున్న చోట నాలుగో వంతే మిగిలాయని ఆయన ప్రయాణ వృత్తాంతంలో ఉంది. మరో వందేళ్లు దాటాక వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా, ఊరికి ప్రాకారం లేదు, ద్వారాలు లేవు, చాలాభాగం పాడుబడిందని రాశాడు. మంగోలుల వల్ల వర్తకపు దారులు కలిశాయని, చీనా నుంచి యూరప్ దాకా సరుకులు నడిచాయని పుస్తకాల్లో చదువుతాం. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట ఈ దిబ్బ మీద నిలబడి అనమనండి చూద్దాం. దారి బాగుపడటానికి ఇక్కడి జనం చెల్లించిన ధర అదేనా అని నాకు గొంతు పట్టేసింది.

దిబ్బను ఆనుకునే చిన్న మ్యూజియం ఉంది. 1965లో రోడ్డు వేస్తుంటే బయటపడిన ఏడో శతాబ్దపు గోడచిత్రాలు అందులో పెట్టారు. అప్పట్లో ఈ ప్రాంతంలో ఉన్న సోగ్దియన్ల రాజు వర్ఖుమాన్ దగ్గరికి కానుకలతో వస్తున్న రాయబారులు, వాళ్ల బట్టల మీద అల్లికలు సైతం కనబడతాయి. తూర్పు గోడ మీద ఉన్నది భారతదేశమేనని పండితుల అభిప్రాయం. బాగా చెరిగిపోయింది, అయినా అక్క అక్కడి నుంచి కదల్లేదు. ఈ యాత్ర మొత్తంలో నాకు దక్కిన గొప్ప ఆనందం ఆ గది.

తిరిగొస్తూ సియాబ్ బజారులో బావగారికి గుమ్మడికాయ సమ్సా, మన సమోసా లాంటిది, దొరికింది. తందూరులో కాల్చినది, ఒక్కోటి 7,000 సోమ్‌లు. నాలుగు తిన్నారు. అడిగి తీసుకోండి, గుమ్మడికాయలో కూడా గొర్రె కొవ్వు కలిపేవాళ్లున్నారు. సమర్‌కంద్ రొట్టె 6,000. బరువుగా, గట్టిగా ఉంటుంది, మేము తెచ్చుకున్న కందిపొడికి, నెయ్యికి బ్రహ్మాండంగా కుదిరింది.

ఆ తరవాత వెళ్లిన బుఖారాలో బస బంగారం. పాత వర్తకుడి ఇల్లు, మధ్యలో ముంగిలి, ఫలహారంతో సహా గదికి 38 డాలర్లు. ఇంటావిడ బావగారికి మాంసం లేదని ప్రత్యేకంగా బంగాళాదుంప వేపుడు చేసి పెట్టింది. ఊళ్లో 1220కి ముందువి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: మంగోలులకు చాలా ముందు ఇక్కడ ఏలిన సామానీల సమాధి, 1127లో కట్టిన కల్యాన్ మీనారు, ఇంకొకటో రెండో. చెంగిజ్ మీనారును చూసి తలపాగా పడిపోయి వంగాడనీ, అందుకే వదిలేశాడనీ గైడ్లు చెప్పే కథకు ఆధారం లేదు. దాని పక్కనున్న పెద్ద మసీదు 1220లో చెంగిజ్ సేన వచ్చినప్పటి మంటల్లోనే పోయింది. ఇప్పుడున్నది 1514లో పూర్తయినది, కట్టించినవాళ్లు మళ్లీ గడ్డిమైదానాల నుంచే దిగివచ్చిన షైబానీ వంశపు రాజులు.

సమర్‌కంద్‌లో ఒక్కరోజే ఉండగలిగితే బీబీ ఖానుమ్ వదిలేయండి, అది చాలావరకు కొత్తగా కట్టినదే. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, నీళ్ల సీసాతో దిబ్బ ఎక్కండి. నీడ ఒక్క చెట్టుది కూడా ఉండదు. మ్యూజియం చూసి, పక్కనే ఉన్న పాత సమాధుల వరస షాహీ జిందాకు నడవండి, రెగిస్తాన్ సాయంత్రానికి ఉంచుకోండి. టాక్సీ ఫోనులోనే పిలవండి. రైలు టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి విమానం టికెట్ కొన్న వెంటనే అవీ చూసుకోండి. రోజు కారు మాట్లాడుకుంటే సగం డబ్బు దిబ్బ దిగాకే ఇస్తామని చెప్పండి.