భాగస్వామ్య సంస్థ దగ్గర విమాన టికెట్ కొనడం: తొమ్మిదేళ్ళ వాడకం తర్వాత

దూర ప్రయాణానికి టికెట్ కొనేటప్పుడు, విమానం నడిపే సంస్థ దగ్గర ధర చూసి ఊరుకోకుండా, అదే విమానాన్ని తన నంబరుతో అమ్మే భాగస్వామ్య సంస్థ దగ్గర కూడా ధర చూడటం నాకు తొమ్మిదేళ్ళుగా అలవాటు. ఇలా కొన్న టికెట్లు ముప్పై దాటాయి. ఈ పద్ధతి పనిచేస్తుందనే చెబుతాను. అయితే తగ్గిన ధర కోసం ఏం వదులుకుంటున్నామో తెలియకుండా కొంటే, మిగిలే డబ్బు కంటే పడే ఇబ్బందే ఎక్కువ కావచ్చు.

విమానం, సీటు, సిబ్బంది, భోజనం అన్నీ ఒకటే అయినప్పుడు ధర ఎందుకు మారుతుందన్నది మొదట్లో నాకూ అర్థం కాలేదు. ప్రతి సంస్థా తన నంబరుతో అమ్మే టికెట్టుకు తన ఛార్జీలను తానే నిర్ణయించుకుంటుంది. ఎకానమీలోనే ఒక్కో ఆంగ్ల అక్షరంతో పిలిచే బుకింగ్ క్లాసులు పది, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ధర. నడిపే సంస్థ దగ్గర చవక క్లాసు మూసుకుపోయిన రోజున కూడా, ముందుగానే కొన్ని సీట్లు తీసిపెట్టుకున్న భాగస్వామి దగ్గర అది ఇంకా దొరకవచ్చు. దీనికి తోడు, ఛార్జీ మీద సంస్థలు స్వయంగా వేసుకునే సర్‌ఛార్జీ కూడా ఇద్దరి దగ్గరా ఒకేలా ఉండాలని లేదు. నేను పొందిన పెద్ద తగ్గింపులు కొన్ని అసలు ఛార్జీలో కాక ఈ సర్‌ఛార్జీలోనే వచ్చాయి.

ఇలా ఒకరి విమానాన్ని ఒకరు అమ్మే సంస్థల జంటలన్నీ ఒకలాంటివి కావు. జర్మనీ సంస్థ లుఫ్తాన్సా, అమెరికా సంస్థ యునైటెడ్ రెండూ అట్లాంటిక్ మార్గాల్లో ఆదాయాన్ని కలిసి పంచుకునే ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి, అక్కడ నాకు ఇద్దరి దగ్గరా చాలాసార్లు ఒకే ధర కనిపించింది. ఆదాయం జోలికి పోకుండా కేవలం విమాన నంబర్లు పంచుకునే సంస్థల దగ్గరే తేడా ఎక్కువగా దొరికింది. 1997లో మొదలైన స్టార్ అలయన్స్, 1999 నాటి వన్‌వరల్డ్, 2000 నాటి స్కైటీమ్ అనే విమాన సంస్థల కూటములలోనే వెతకాలనుకోవడం కూడా పొరపాటు. ఏ కూటమిలోనూ లేని ఎమిరేట్స్‌కూ, వన్‌వరల్డ్ సభ్యురాలైన క్వాంటస్‌కూ 2013 నుంచి విస్తృతమైన భాగస్వామ్యం ఉంది. మొత్తం మీద నేను పదిసార్లు పోల్చి చూస్తే మూడు నాలుగుసార్లు మాత్రమే భాగస్వామి దగ్గర ధర తక్కువగా ఉంది, అప్పుడప్పుడు ఎక్కువగానూ ఉంది. పోల్చేటప్పుడు లగేజీ, తేదీ మార్పు షరతులు రెండు వైపులా ఒకటేనో కాదో చూడకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

అసలు కష్టం టికెట్ కొన్న తర్వాత ఏదైనా మారినప్పుడు మొదలవుతుంది. నాలుగేళ్ళ క్రితం నా ప్రయాణంలో మొదటి విమానాన్ని నడిపే సంస్థ రెండు గంటలు ఆలస్యంగా బయలుదేరేలా మార్చడంతో, తర్వాతి విమానం అందుకునే వీలు లేకుండా పోయింది. నడిపే సంస్థను అడిగితే, టికెట్ జారీ చేసింది తాము కాదు కనుక అమ్మినవారే మార్చాలన్నారు. అమ్మినవారిని అడిగితే, అవతలివారు వేరే విమానంలో సీటు విడుదల చేస్తే తప్ప తమ చేతిలో ఏమీ లేదన్నారు. మూడు రోజులు, ఆరు ఫోన్లు అయ్యాక కొత్త టికెట్ వచ్చింది. నియమం ప్రకారం మొదటి సమాధానమే సరైనది. టికెట్టు మీది 13 అంకెల సంఖ్యలో మొదటి మూడు అంకెలు జారీ చేసిన సంస్థవి, ఉదాహరణకు 016 అంటే యునైటెడ్, 220 అంటే లుఫ్తాన్సా. ప్రయాణానికి ముందు మార్పు ఏది కావాలన్నా ఆ సంస్థ దగ్గరికే వెళ్ళాలి.

అప్పటి నుంచి టికెట్ కొన్న రోజునే, నడిపే సంస్థ వ్యవస్థలో నా బుకింగ్‌కు ఉన్న పీఎన్ఆర్‌ను అమ్మిన సంస్థను అడిగి తీసుకుంటున్నాను. అమ్మిన సంస్థ పంపే ఆరక్షరాల పీఎన్ఆర్ చాలాసార్లు అవతల పనిచేయదు. సీటు ఎంచుకోవడం, చెక్-ఇన్ చేయడం నడిపే సంస్థ దగ్గరే జరుగుతాయి కాబట్టి ఈ రెండో పీఎన్ఆర్ లేనిదే ముందుకు సాగదు. రెండు చోట్లా విమాన సమయాలు ఒకేలా ఉన్నాయో లేదో వారానికొకసారి చూసుకుంటాను.

తరచూ ప్రయాణించేవారికి విమాన సంస్థలు పాయింట్లుగా ఇచ్చే మైళ్ళ విషయంలో నాకు లాభనష్టాలు రెండూ కలిగాయి. కొన్ని పథకాలు తమ సొంత టికెట్టుకు ఖర్చును బట్టి, భాగస్వామి జారీ చేసిన టికెట్టుకు దూరాన్నీ బుకింగ్ క్లాసునూ బట్టి మైళ్ళు ఇస్తాయి. చవక టికెట్ మీద దూర ప్రయాణం చేసినప్పుడు నాకు రెండో లెక్కే మేలు చేసింది.

చాలామంది పట్టించుకోని విషయం, విమానం బాగా ఆలస్యమైనా రద్దయినా వచ్చే పరిహారం. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన కింద దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల వరకు వచ్చే పరిహారం, టికెట్ అమ్మిన సంస్థను బట్టి కాక విమానం నడిపే సంస్థను బట్టి నిర్ణయమవుతుంది. న్యూయార్క్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా నంబరుతో కొన్నా, నడిపేది యునైటెడ్ అయితే ఆ నిబంధన వర్తించదు; యునైటెడ్ నంబరుతో కొన్నా నడిపేది లుఫ్తాన్సా అయితే వర్తిస్తుంది. అందుకే ధరతో పాటు, నంబరు కింద చిన్న అక్షరాలతో ఉండే నడిపే సంస్థ పేరును కూడా తప్పక చదువుతాను.

తేదీలు ఖాయమై, దారిలో విమానం మారనవసరం లేని ప్రయాణాలకు ఇప్పటికీ భాగస్వామి దగ్గరే కొంటున్నాను. కిందటిసారి తేదీ మారవచ్చని ముందే అనిపించి, ధర కొంత ఎక్కువైనా నడిపే సంస్థ దగ్గరే కొన్నాను. అనుకున్నట్టే తేదీ మారింది; ఆ మార్పు వారి యాప్‌లో కొద్ది నిమిషాల్లో పూర్తయింది.