కార్బన్ డయాక్సైడా, ఎర్బియమా? చర్మంలో మిగిలే వేడి లెక్క

మొటిమల గుంటలకో ముడతలకో లేజర్ చేయించుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఏది పవర్‌ఫుల్?’ అని. నన్నడిగితే, పని అయ్యాక చర్మంలో ఎంత వేడి మిగులుతుందో అడగాలి. తేడా అంతా అక్కడే ఉంది.

కార్బన్ డయాక్సైడ్, ఎర్బియం అనే ఈ రెండు లేజర్ల గురీ చర్మంలో ఉండే నీరే. 1964లో బెల్ ల్యాబ్స్‌లో కుమార్ పటేల్ తయారుచేసిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ కాంతి తరంగం పొడవు 10,600 నానోమీటర్లు. ఎర్బియం కలిపిన యాగ్ అనే స్ఫటికంతో పనిచేసే ఎర్బియం లేజర్‌ది 2,940. ఈ రెండో కాంతిని నీరు పది రెట్లకు పైగా గట్టిగా పీల్చుకుంటుంది. అందుకే ఎర్బియం దెబ్బకు పైపొర ఠప్పున ఆవిరైపోతుంది, వేడి కిందికి దిగేలోపే పని అయిపోతుంది. కింద ఉడికిపోయిన పొర 10 నుంచి 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుందంతే. కార్బన్ డయాక్సైడ్‌తో అది 50 నుంచి 150 దాకా పోతుంది.

రెండోసారి అదే చోట కొట్టినప్పుడు చూడండి. కార్బన్ డయాక్సైడ్ మొదటి దెబ్బకు తెల్లటి ఎండు పొర మిగులుతుంది. అందులో ఆవిరి కావడానికి నీరు లేదు కదా, దాన్ని తుడవకుండా మళ్లీ కొడితే వేడి నూరు డిగ్రీలు దాటి ఎగబాకుతుంది, చర్మం మాడుతుంది, సెగ లోపలికి దిగుతుంది. ఎర్బియంతో లోతుకు పోతే సూదిమొనంత రక్తపు చుక్కలు పొడుస్తాయి. మనకు భయం వేసేది ఆ రక్తాన్ని చూసి! నిజానికి రక్తనాళాల మూతులు మూసుకుపోయేంత వేడి అక్కడ లేదనడానికి అదే గుర్తు.

అలాగని వేడి చెడ్డదేం కాదు. 60 డిగ్రీలు దాటితే చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు ముడుచుకుంటాయి, చర్మం బిగుస్తుంది. ఎండకు బాగా దెబ్బతిని లోతైన ముడతలు పడ్డ తెల్లని చర్మానికి నేను కార్బన్ డయాక్సైడ్ వైపే ఉంటాను. కాకపోతే మానడానికి రోజులు ఎక్కువ పడతాయి, ఎరుపు నెలల తరబడి ఉండొచ్చు.

చామనఛాయ, నలుపు చర్మాలకు నా ఓటు ఎర్బియానికే. మిగిలిన వేడి రంగుకణాలను రెచ్చగొడితే మానిన చోట గోధుమరంగు మచ్చలు తేలతాయి. ఎర్బియంతో ఆ ముప్పు తక్కువ. బొత్తిగా లేదని కాదు. ఒక్కో దెబ్బ (పల్స్) తగిలే సమయం పెంచితే ఎర్బియం కూడా వేడి మిగులుస్తుంది. చర్మాన్ని చుక్కలు చుక్కలుగా కాల్చి మధ్యలో బాగున్న చర్మాన్ని వదిలే ఫ్రాక్షనల్ పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్‌నూ ఇలాంటి చర్మానికి వాడతారు, కానీ చుక్కలు దగ్గరదగ్గరగా పెడితే వేడి మళ్లీ ఒకచోట పోగవుతుంది.

ఏ యంత్రమైనా ముందు చెవి కింద దవడ అంచున చిన్న ముక్క మీద చేసి చూడమనండి. మానిన వెంటనే అంతా బాగుందని ముఖం అప్పగించకండి, అక్కడ రంగు మారేదీ లేనిదీ తేలడానికి కొన్ని వారాలు పడుతుంది.