తల్లిని గురించిన పుస్తకం, కర్నూలులో ఒక సాయంత్రం

మన ఊళ్లలో పుస్తకావిష్కరణ అంటే వేదిక, శాలువాలు, జ్ఞాపికలు, అధ్యక్షోపన్యాసం, వీటన్నిటి తరువాత రచయితకు మిగిలే కాస్త సమయం. కొండారెడ్డి బురుజు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఈ చిన్న పుస్తకాల దుకాణం, తల్లి మరణం గురించి ఒక స్థానిక రచయిత్రి రాసిన స్మృతి గ్రంథంపై ఏర్పాటు చేసిన సంభాషణలో వీటిలో ఏ ఒక్కటీ లేదు. పుస్తకాల బల్లలను గోడవారకు జరిపి కుర్చీలు వేశారు. రచయిత్రి, ఆమెను ప్రశ్నలడిగిన దుకాణం యజమాని మా ఎత్తులోనే, మాకు ఎదురుగా కూర్చున్నారు. ఇలాంటి పుస్తకానికి ఇదే తగిన పద్ధతి. దుఃఖాన్ని రాసిన మనిషికి సన్మానం మొదలుపెడితే, ఆ దుఃఖం గురించి ఆమెను అడగడానికి ఇక ఎవరికీ నోరు రాదు.

తల్లి సంవత్సరీకం కాకముందే, 2009 అక్టోబరులో, తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తాయి. రచయిత్రి ఇంట్లో ఉన్న తల్లి ఫొటోలు, ఆమె ఇంటి ఖర్చులు రాసుకున్న నోటుపుస్తకాలు, పెళ్లినాటి చీర బురదలో కలిసిపోయాయి. చేతిలో ఒక్క ఆనవాలు కూడా లేకుండా ఒక మనిషిని రాయవలసి రావడం ఈ పుస్తకానికి కష్టమూ బలమూ రెండూ అయింది. ఊరంతా నష్టపోయి ఉన్న సమయంలో తన ఇంటి చావు గురించి మాట్లాడటానికి మొహమాటపడ్డానని, నష్టం వివరాలు రాసుకోవడానికి వచ్చినవారికి బియ్యం బస్తాలు, మంచాలు, బీరువా చెప్పి ఫొటోల మాట మింగేశానని ఆమె అన్నప్పుడు, వరద చూసినవాళ్లే ఎక్కువగా ఉన్న ఆ గదిలో ఎవరికీ వివరించి చెప్పవలసిన అవసరం రాలేదు.

యజమాని పుస్తకాన్ని నిజంగా చదివి వచ్చారు. తల్లి పిసినారితనాన్ని, కోడలితో నెలల తరబడి మాట్లాడని పంతాన్ని రాసిన అధ్యాయం గురించి సూటిగా అడిగి, జవాబు ఆలస్యమైనా మధ్యలో అందుకోకుండా ఊరుకున్నారు. ఆ అధ్యాయం తీసేయమని బంధువులు కోరారట. దివసాల నాడు అందరూ చెప్పుకున్న మంచి మాటల్లో తనకు అమ్మ కనిపించలేదని, తనతో గొడవపడిన రోజులు తలుచుకుంటేనే ఆమె గొంతు వినిపిస్తుందని రచయిత్రి చెప్పారు. ఆ సాయంత్రం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన జవాబు ఇది.

పద్యం రాయగలిగిన ఆమె వచనాన్ని ఎందుకు ఎంచుకున్నారనే చర్చ కూడా బాగా సాగింది. విశ్వనాథ సత్యనారాయణ భార్య వియోగంలో ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. 1950లో అచ్చయిన ‘మహాప్రస్థానం’ను శ్రీశ్రీ చనిపోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చి, ఆయనపై కవిత రాశారు. వాటిని గౌరవంగా తలుచుకుంటూనే, ఆసుపత్రి బిల్లులు, మందుల చీటీలు, ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు వచనంలో అయితేనే ఉన్నవి ఉన్నట్టుగా ఇముడుతాయని ఆమె అన్నారు. చదివి వినిపించిన భాగాలు విన్నాక ఆమె మాట సరైనదే అనిపించింది.

లోపం ఒకటుంది, అది చిన్నది కాదు. శ్రోతల ప్రశ్నల సమయం ఓదార్పు మాటలుగా మారిపోయింది. ‘ధైర్యంగా ఉండండమ్మా’ అని పెద్దలు ప్రేమతోనే అన్నారు కానీ, పదిహేనేళ్లకు పైగా ఆ దుఃఖంతో బతికి దాన్ని పుస్తకంగా మలిచిన మనిషికి కావలసింది తన వాక్యాల గురించిన ప్రశ్నలు. యజమాని మృదువుగానైనా అడ్డుపడి చర్చను పుస్తకం వైపు మళ్లించి ఉండవలసింది. మైకు లేనందువల్ల వెనుక వరుసలకు చివరి భాగం సరిగా వినిపించలేదు కూడా.

తెచ్చిన ప్రతులు చాలక, మిగిలినవారి పేర్లు రాసుకున్నారు. మంచి తెలుగు పుస్తకాల కోసం జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం దాకా ఆగే అలవాటున్న మాకు, పాఠకుడి అభిరుచి కనుక్కొని పుస్తకం తెప్పించి ఇచ్చే దుకాణం ఊళ్లోనే ఉండటం పెద్ద మేలు. ఇటువంటి సంభాషణలు వారు క్రమం తప్పకుండా జరపాలి. వెళ్లేవారు వీలైతే ముందుగా పుస్తకం చదివి వెళ్లాలి.