ఎర్ర పెన్ను, గూగుల్ డాక్స్, వాయిస్ మెసేజ్, చాట్‌బాట్: పిల్లల వ్యాసం దిద్దడానికి ఏది మేలు?

నా తొమ్మిదో తరగతిలో 42 మంది ఉన్నారు. సంక్రాంతి సెలవుల తరువాత ‘మా ఊరి పండగ’ మీద వ్యాసం రాయించాను. ఒక్కో నోటు పుస్తకానికి నాలుగు నిమిషాలే అనుకున్నా మొత్తం 168 నిమిషాలు. ఆదివారం పూట దాదాపు మూడు గంటలు కూర్చుని ఎర్ర సిరాతో దిద్ది ఇస్తే, పిల్లలు ముందు తమ మార్కు చూసుకున్నారు, తరువాత పక్కవాడి మార్కు చూశారు, ఆ పైన పుస్తకం సంచిలోకి వెళ్లిపోయింది. అంచున నేను రాసిన మాటలు చదివినవారు నలుగురో ఐదుగురో.

పిల్లలను తిట్టి లాభం లేదు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో చేసిన అధ్యయనం ఒకటి ప్రచురించారు. కొందరికి మార్కులు, కొందరికి వ్యాఖ్యలు, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవారు మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవారికి ఆ వ్యాఖ్యల వల్ల ఒరిగిందేమీ లేదు. అందుకే నేను ఏ సాధనాన్ని తూచినా చూసేది ఒక్కటే: దీన్ని అందుకున్న పిల్లవాడు మళ్లీ రాశాడా?

అయినా ఎర్ర పెన్నును పక్కన పెట్టలేను. కారణం ఒత్తులు. ‘బాధ’ను ‘భాద’ అనీ, ‘అద్భుతం’ను ‘అధ్బుతం’ అనీ, ‘విద్యార్థి’ని ‘విధ్యార్థి’ అనీ రాసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఇవి కాగితం మీదే బయటపడతాయి. మా పిల్లల్లో చాలామంది ఫోనులో తెలుగును ఇంగ్లిషు అక్షరాలతో కొడతారు. బి, ఏ, డి, హెచ్, ఏ అని కొట్టగానే కీబోర్డు ‘బాధ’ను ముందు పెడుతుంది, వేలు దాన్ని తాకుతుంది. ఒత్తు ఎక్కడుందో తెలిసింది కీబోర్డుకు. టైపు చేసిన వ్యాసంలో ఒక్క ఒత్తూ తప్పని అబ్బాయి, యూనిట్ పరీక్షలో అదే అంశం మీద పేజీకి పది తప్పులు రాశాడు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాసేది పెన్నుతోనే కదా. పైగా కీబోర్డు తన తప్పులు తాను చేర్చుతుంది. ‘పళ్లు’ అనుకున్నచోట ‘పల్లు’ వచ్చి కూర్చుంటుంది. అది తెలియకపోవడమా, వేలు జారడమా అన్నది దిద్దేవాడికి అంతు పట్టదు. అక్షరదోషాల వరకు కాగితాన్ని మించింది లేదని నా అభిప్రాయం.

ఇంటర్నెట్‌లో ఒకే ప్రతి మీద నేనూ పిల్లవాడూ పనిచేయగల గూగుల్ డాక్స్ బలం వేరేచోట ఉంది. నోటు పుస్తకంలో తిరగరాయడమంటే మొదటి అక్షరం నుంచి మళ్లీ మొదలుపెట్టడం. ఆ శిక్షను ఏ పిల్లవాడూ కోరుకోడు. డాక్స్‌లో మూడో పేరాను ముందుకు జరపడం క్షణాల పని. వ్యాఖ్య తన వాక్యాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది, పిల్లవాడు దాని కిందే జవాబు రాయవచ్చు. పాత ప్రతులు కూడా నిలిచి ఉంటాయి కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూడవచ్చు. మొదట్లో నేను ఒక పొరపాటు చేశాను. నా మార్పు పిల్లవాడు ఒప్పుకుంటేనే నిలిచే సూచనల పద్ధతి పెట్టుకుని వాక్యాలన్నీ నేనే సరిచేసి ఇచ్చాను. పిల్లలు వరుసగా టిక్కులు నొక్కి అన్నింటికీ ఒప్పుకున్నారు. వ్యాసం బాగుపడింది, కాకపోతే అది నా వ్యాసం. ఇప్పుడు దిద్దడం మాని ప్రశ్న పెడుతున్నాను: ‘ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు?’ దానికి టిక్కు చాలదు, వాక్యం మార్చాలి.

చిక్కల్లా యంత్రాలతోనే. మా బడి కంప్యూటర్ గదిలో పనిచేసేవి 11. కరెంటు ఉన్న రోజున నలుగురికి ఒకటి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలకు, కాలేజీ విద్యార్థులకు, వారానికొకసారి కలిసే విదేశాల్లోని తెలుగు తరగతులకు డాక్స్‌నే ముందు చెబుతాను. మా బడికి చెప్పలేను. రాతలో తప్పులు పట్టే గ్రామర్లీ అనే సాధనం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: ఇంగ్లిషు మాస్టారికి పనికొస్తుంది, దానికి తెలుగు రాదు.

ఇక వాయిస్ మెసేజ్. దీన్ని నేను మొదట చిన్నచూపు చూశానని ఒప్పుకోవాలి. ఒకసారి చేతికి దెబ్బ తగిలి పెన్ను పట్టలేక వాట్సాప్‌లో మాట్లాడి పంపాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాల లెక్కన 84 నిమిషాల్లో తరగతి మొత్తం అయిపోయింది. సమయం సగం తగ్గింది, చెప్పింది మాత్రం పెరిగింది. అంచున ‘వివరణ చాలదు’ అని రాసే నేను, మాట్లాడేటప్పుడు ‘అమ్మా, అరిసెలు అన్నావు గానీ పిండి ఎవరు దంచారు, పాకం ఎవరు పట్టారు, ఆ వాసన గుమ్మం దాకా వచ్చిందా?’ అని అడిగాను. రాతలో గద్దింపులా కనిపించేది గొంతులో కబురులా వినిపిస్తుంది. పైగా ఇంట్లో అమ్మ వింటుంది, నాయనమ్మ వింటుంది. అక్షరాలు రానివారికి కూడా మనవరాలి వ్యాసం మీద మాస్టారి అభిప్రాయం తెలుస్తుంది. విన్నారో లేదో మైకు గుర్తు నీలంగా మారితే తెలిసిపోతుంది. ఆ వారం మార్కులు వేయలేదు. మళ్లీ రాసి తెచ్చినవారు 19 మంది. నోటు పుస్తకాలతో ఏనాడూ అరడజను దాటలేదు.

కొన్ని జాగ్రత్తలు దెబ్బలు తిని నేర్చుకున్నాను. రెండు నిమిషాలు దాటితే వినరు. పిల్లవాడి వాక్యం ఒకటి చదివి వినిపించి మొదలుపెట్టాలి, మార్చవలసినవాటిలో ఒకటో రెండో చెప్పి ఆపాలి. తరగతి గ్రూపులో పెట్టకూడదు, ఎవరిది వారికే పంపాలి. ఫోను నాన్న జేబులో ఉంటుంది కనుక రాత్రి ఎనిమిది తరువాతే చేరుతుంది. ఫోను లేని ముగ్గురితో ఆ రెండేసి నిమిషాలూ మధ్యాహ్న భోజనం తరువాత నేరుగా మాట్లాడాను. వారు మాట్లాడినంతగా మిగతావారెవరూ మాట్లాడలేదన్నది వేరే సంగతి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక స్టాఫ్ రూములో అందరూ చెప్పేది చాట్‌బాట్ మాట. నేనూ ఒకదానికి ఒక అమ్మాయి వ్యాసం ఇచ్చి తప్పులు చెప్పమన్నాను. ముందు ‘అద్భుతంగా ఉంది’ అంది. తరువాత అడగకుండానే మొత్తం తిరగరాసింది. ‘కనుమ నాడు మా తాత ఎద్దుకు స్నానం చేయించబోయి తనే తడిసిపోయాడు’ అన్న వాక్యం పోయి, ‘కనుమ పండుగ పశుసంపద పట్ల మన కృతజ్ఞతకు ప్రతీకగా నిలుస్తుంది’ అన్నది వచ్చింది. తాత లేడు, ఎద్దు లేదు, నీళ్లు లేవు. ‘ఊరంతా’లో ఏ సంధి అని అడిగితే అకార సంధి అంది. ఊరు, అంతా కలిస్తే ఉకార సంధి అని ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. ‘తిరగరాయవద్దు, పాఠకుడిగా నీకు అర్థం కాని మూడుచోట్ల ప్రశ్నలు మాత్రం అడుగు’ అని గట్టిగా చెప్పినప్పుడు కొంత నయం. ఆ ప్రశ్నల్లో మంచివి ఏరుకుని నా మాటల్లో కలుపుకుంటాను. పిల్లల చేతికి నేరుగా ఇవ్వను.

ఇంగ్లిషు మాస్టారిది మరో బాధ. పిల్లలు చాట్‌బాట్‌తో రాయిస్తున్నారేమోనని పసిగట్టే సాధనాలను నమ్ముకున్నారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను అలాంటి ఏడు సాధనాలకు ఇస్తే, సగటున 61 శాతం యంత్రం రాసినవేనని తప్పుగా తేల్చాయి. మన పిల్లల ఇంగ్లిషుకు పొంచి ఉన్న ముప్పు ఇదే. అనుమానం వస్తే డాక్స్‌లో పాత ప్రతులు తెరవమన్నాను. వ్యాసమంతా ఒక్కసారిగా ఊడిపడిందా, మాటామాటా కూడిందా అన్నది అక్కడ కనిపిస్తుంది. అప్పుడైనా ముందు పిల్లవాణ్ని అడగాలి, ఇంట్లో కాగితం మీద రాసుకుని ఎక్కించి ఉండవచ్చు.

మా బడికి ఒక్కటే ఎంచుకోమంటే వాయిస్ మెసేజ్‌నే ఎంచుకుంటాను. ఇప్పుడు నేను చేస్తున్నది ఇదీ: మొదటి ప్రతి కాగితం మీద, దాని మీద నా గొంతు, మార్కు లేదు. రెండో ప్రతి మీద ఎర్ర పెన్నుతో ఒత్తులు, దీర్ఘాలు, అప్పుడు మార్కు. నెలకు ఒక వ్యాసానికే ఇంత ఓపిక ఉంటుంది. మిగతావి చదివి సంతకం పెడతాను.

తాత తడిసిపోయిన వ్యాసం గురించి ఆ అమ్మాయికి వాయిస్ మెసేజ్ పంపాను: ఆ ఒక్క వాక్యం నాకు బాగా నచ్చింది, ఎద్దు ఏం చేసిందో కూడా రాయి అని. రాత్రి తొమ్మిదింటికి జవాబు వచ్చింది. గొంతు ఆ అమ్మాయిది కాదు. ‘మాస్టారూ, తడిసిన మాట నిజమే గానీ, అది ఎద్దు కాదండీ, కోడెదూడ.’